మామయ్యగారి అనుమానాలూ, 9/11 మ్యూజియమూ

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్ అయ్యాక 9/11 మెమోరియల్ మ్యూజియం కూడా చూపించాలా అని మా న్యూజెర్సీ ఎడిసన్‌లో చాలామంది అడుగుతుంటారు. 2001 సెప్టెంబర్ 11న అల్ ఖైదా ఉగ్రవాదులు విమానాలతో ఢీకొట్టి కూల్చిన న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్ల చోట కట్టిన మ్యూజియం అది. టికెట్ ముప్ఫై డాలర్ల పైమాటే. లోపల చూసేదంతా బాధే. పెద్దవాళ్లకి అవసరమా అని వాళ్ల సందేహం. నేనైతే చూపించమనే చెబుతాను. "ఆ బిల్డింగులు అమెరికావాళ్లే కూల్చుకున్నారంట కదా" అనే పెద్దమనిషి మీ ఇంట్లో ఉంటే మరీ తప్పకుండా తీసుకెళ్లమంటాను. అలాంటి పెద్దమనిషి మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ఆ వైపు నుంచే ఈ రివ్యూ రాస్తున్నాను.

మా మామయ్యగారిది తెనాలి. ఇరిగేషన్‌లో ఇంజనీరు, డీఈగా రిటైరయ్యారు. ఎం బుక్‌లో, అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకంలో, రాసిన కాంక్రీటుకీ కాలవలో పడిన కాంక్రీటుకీ తేడా ఎంతుంటుందో ఉద్యోగమంతా చూస్తూ వచ్చిన మనిషి. "గవర్నమెంటు రిపోర్టులో అలా ఉంది" అంటే విషయం తేలిపోయిందని ఆయన అనుకోరు, ఇక తనిఖీ మొదలుపెట్టాలనుకుంటారు. చాలా మంచి అలవాటు అది. ఆయనంటే నాకున్న గౌరవంలో సగం దానివల్లే. కుట్ర కథలు చెప్పేవాళ్లు వచ్చి పట్టుకునేది కూడా సరిగ్గా ఆ అలవాటునే. ఏదైనా నమ్మేసే అమాయకుల కోసం ఆ వీడియోలు తీస్తారని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో, దేన్నీ ఊరికే నమ్మననుకునే తెలివైనవాళ్ల కోసమే తీస్తారు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన ఫోన్లో చూసే వీడియో ఒకటి నేనూ పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూశాను. తెలుగులోనే ఉంది. గంభీరమైన గొంతు, వెనక గుండె కొట్టుకుంటున్నట్టు మ్యూజిక్. "ఇది కుట్ర" అని అందులో ఎక్కడా చెప్పలేదు. అన్నీ ప్రశ్నలే. ఉక్కు ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుంది? విమానం ఇంధనం ఎన్ని డిగ్రీలతో మండుతుంది? టవర్ల దగ్గరే ఉన్నా విమానమే తగలని ఏడో బిల్డింగు ఎందుకు పడిపోయింది? అది పడకముందే పడిపోయిందని బీబీసీ ఎలా చెప్పింది? ప్రతి ప్రశ్న తర్వాత కాస్త ఆగి "మీరే ఆలోచించండి" అంటుంది ఆ గొంతు. ఆ ఆగిన సమయంలో జవాబు చూసేవాళ్ల మనసులోనే పుడుతుంది. తనే కనిపెట్టాననుకున్న జవాబుని మనిషి అంత తేలిగ్గా వదులుకోడు. పైగా ఒక్కో ప్రశ్న అడగడానికి పది సెకన్లు చాలు. జవాబు చెప్పాలంటే పేజీలకు పేజీలు కావాలి. ముప్ఫై ప్రశ్నల్లో ఇరవై తొమ్మిదింటికి జవాబు చెప్పినా, మిగిలిన ఆ ఒక్కటే సాక్ష్యమై కూర్చుంటుంది.

ఉక్కు సంగతే చూడండి. ఉక్కు దాదాపు 1,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. విమాన ఇంధనం, ఆఫీసు సామాను కలిసి మండినా వేడి మహా అయితే వెయ్యి డిగ్రీలు. రెండూ నిజాలే, రెండూ మామయ్యగారికి ముందే తెలుసు. తెలిసిన అంకెలు వినపడేసరికి చెప్పేవాడు విషయం ఉన్నవాడే అన్న నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే తర్వాతి మాటా ఒప్పేసుకున్నారు: "మరి ఉక్కు కరిగిందంటే లోపల ఇంకేదో పెట్టి ఉండాలి." అసలు ఆ స్తంభాలు కరిగినందువల్ల బిల్డింగులు పడ్డాయని దర్యాప్తు చేసినవాళ్లెవరూ చెప్పనే లేదు. 600 డిగ్రీల దగ్గరే ఉక్కు బలం దాదాపు సగానికి పడిపోతుంది. కమ్మరి కొలిమిలో కర్రు కరగదు, ఎర్రబడుతుంది, సుత్తి దెబ్బకి లొంగుతుంది. అంతే చాలు.

ఇది నేను ఇంట్లోనే చెప్పాను. బిల్డింగులకి స్ప్రింక్లర్ పైపుల (మంట లేస్తే నీళ్లు చిమ్మేవి) డ్రాయింగులు వేసే ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి మంటలు, ఉక్కు, నీళ్లు నాకు రోజూ ఉండే గొడవే. "నువ్వు చెప్పేది బాగానే ఉందమ్మా, కానీ..." అన్నారు. ఆ కానీ తర్వాత వచ్చేది ఎప్పుడూ ఇంకో ప్రశ్నే. కోడలు మామగారితో ఎంతవరకు వాదిస్తుంది? అందుకే మ్యూజియంకి టికెట్లు తీశాను.

ఎడిసన్ నుంచి ఎన్‌జే ట్రాన్సిట్‌లో న్యూఆర్క్ వెళ్లి అక్కడ పాత్ రైలు ఎక్కితే సరాసరి వరల్డ్ ట్రేడ్ సెంటర్ కిందే దిగుతాం. బయటికొస్తే మెమోరియల్. దానికి టికెట్ లేదు, ఎవరైనా వెళ్లొచ్చు. రెండు టవర్లు నిలబడ్డ చోట రెండు పెద్ద గుంటలు, నాలుగు పక్కల నుంచీ వాటిలోకి దూకే నీళ్లు. గట్టు చుట్టూ కంచు పలకల మీద 2,983 పేర్లు చెక్కారు. 2001లో పోయిన 2,977 మందివీ, 1993లో ఇక్కడే జరిగిన పేలుడులో పోయిన ఆరుగురివీ. ఒక పేరులోని అక్షరం సందులో తెల్ల గులాబీ గుచ్చి ఉంది. అత్తయ్యగారు దాన్ని చూసి ఎవరు పెట్టారని అడిగారు. ఆ మనిషి పుట్టినరోజు ఇవాళ అని అర్థం, మెమోరియల్ వాళ్లే ప్రతిరోజూ పెడతారు అని చెప్పాను. అప్పటినుంచి ఆవిడ గట్టు పట్టుకుని గులాబీలు వెతుక్కుంటూనే నడిచారు. ఇలాంటివి మనసుకి ఎక్కించే విషయంలో ఈ చోటుకి సాటి లేదు. మామయ్యగారి మనసు మాత్రం పేర్ల మీద లేదు. "లోపల ఇనుము ఉందన్నావు కదా" అన్నారు.

ఉంది. లోపలికి అడుగుపెట్టగానే ఉత్తరపు టవరు అడుగుభాగం నుంచి తెచ్చిన రెండు ఉక్కు స్తంభాలు నిలబెట్టి ఉంటాయి. కింద ఒకటిగా మొదలై పైన మూడుగా చీలిన, తుప్పు రంగు తిరిగిన త్రిశూలాలు. అక్కడి నుంచి కిందికి దిగుతూ పోవాలి. దారిలో ఆ రోజు తాము ఎక్కడున్నామో చెప్పుకునే జనాల గొంతులు రకరకాల భాషల్లో వినిపిస్తాయి. మ్యూజియం ముఖ్యభాగమంతా నేలకి 70 అడుగుల లోతున, రాతి పొర మీద ఉంది. విమానం తగిలిన చోటి ఉక్కు ముక్క ఒకటి ఉంటుంది, అట్టముక్క మడిచినట్టు మడతపడి. మామయ్యగారు దాన్ని అటూ ఇటూ వంగి చూశారు. వచ్చిన జనం చదివి వెళ్లిపోతున్నారు, ఈయన చదవడం లేదు, చూస్తున్నారు.

ఇక కింద ఫౌండేషన్ హాల్లో ఆయన ఆగిపోయారు. అక్కడ ఒక పక్కంతా పాత కాంక్రీటు గోడ. ఎగుడుదిగుడుగా, అక్కడక్కడ ఉక్కు తాళ్ల కొసలు బిగించిన దిమ్మలతో ఉంటుంది. స్లర్రీ వాల్ అంటారు ఇక్కడ. మన పోలవరం వార్తల వల్ల తెలుగువాళ్లందరికీ నోటికొచ్చిన డయాఫ్రం వాల్ ఇదే రకం. సన్నగా లోతుగా కందకం తవ్వడం, గోడలు విరిగి పడకుండా బెంటొనైట్ అనే మట్టి కలిపిన బురద నింపడం, అందులోకి ఇనుప పంజరం దింపడం, అడుగు నుంచి కాంక్రీటు పోసుకుంటూ బురదని పైకి నెట్టేయడం. 1960ల్లో హడ్సన్ నది నీళ్లు పునాదిలోకి రాకుండా కట్టిన గోడ. అంత బరువు పక్కన కూలినా ఇది నిలబడింది. ఇది గనక పోయి ఉంటే నది నీళ్లు పునాదిలోకి వచ్చేవి. మామయ్యగారు ఇదంతా అత్తయ్యగారికి చేతులు తిప్పుతూ చెబుతుంటే పక్కన నిలబడ్డ ఇద్దరు అమెరికన్ కుర్రాళ్లు అర్థం కాకపోయినా వింటున్నారు. ఎంత సంతోషమేసిందో నాకు.

ఈ మ్యూజియం గొప్పతనం ఇక్కడే ఉందంటాను. "నమ్ము" అని ఎక్కడా అనదు. వస్తువు తెచ్చి ముందు పెడుతుంది. టవరు గోడ స్తంభాల మొదళ్లు రాతి దగ్గర తెగ్గోసినవి వరసగా కనిపిస్తాయి. పై అంతస్తుల్లో ఒక్కో పక్క 59 స్తంభాలు దగ్గరదగ్గరగా, మధ్యలో లిఫ్టుల చుట్టూ ఇంకో గుంపు స్తంభాలు, ఈ రెంటి మధ్యా స్తంభమే లేకుండా కడ్డీలు త్రికోణాలుగా అల్లిన సన్నటి ఇనుప ట్రస్సుల మీద అంతస్తులు. అక్కడ నిలబడి చెబితే మామయ్యగారికి ఎంత త్వరగా ఎక్కిందో! విమానం దెబ్బకి కొన్ని స్తంభాలు తెగాయి. ఉక్కుకి వేడి తగలకుండా చల్లిన పూత రాలిపోయింది. ఆ పూత నాకు బాగా తెలుసు, పాత బిల్డింగుల్లో పైపు వేయడానికి సీలింగ్ తీస్తే వేలితో గీకినా రాలుతుంది. వేడికి అంతస్తులు కిందికి సాగి, గోడ స్తంభాలని లోపలికి లాగాయి. ఆ గోడలు లోపలికి వంగడం కూలకముందు తీసిన ఫొటోల్లోనే కనిపిస్తుంది. దక్షిణపు టవరు 56 నిమిషాలకి, ఉత్తరపుది 102 నిమిషాలకి పడ్డాయి. "ట్రస్సులా! దూలాలనుకున్నాను ఇన్నాళ్లూ" అన్నారు మామయ్యగారు. ఆ వీడియోలో ట్రస్సు అన్న మాటే లేదు.

చారిత్రక ప్రదర్శన వేరే గదుల్లో ఉంటుంది. అక్కడ ఫొటోలు తీయనివ్వరు. ఆ ఉదయం 8:46 నుంచి నిమిషం నిమిషం చూపిస్తారు. ఫోన్లలో మిగిలిపోయిన మాటలు వినిపిస్తారు. అత్తయ్యగారు సగంలోనే బయటికొచ్చి కూర్చున్నారు. గుండె ధైర్యం తక్కువున్న పెద్దవాళ్లని, చిన్నపిల్లల్ని ఆ గదుల్లోకి తీసుకెళ్లకపోవడమే మంచిది. మామయ్యగారు మాత్రం పూర్తిగా చూశారు. ఆయన్ని ఎక్కువసేపు నిలబెట్టింది ఆ రోజు భాగం కాదు, దానికి ముందు భాగం. 1993 ఫిబ్రవరి 26న ఇదే బిల్డింగు కింద పార్కింగ్‌లో వ్యానులో బాంబు పెట్టి పేల్చారనే సంగతి ఆయనకి తెలియదు. తర్వాత 1998లో నైరోబీ, దార్ ఎస్ సలామ్ ఎంబసీల మీద దాడుల్లో రెండొందల మందికి పైగా పోయారు. 2000లో ఏడెన్ రేవులో అమెరికా యుద్ధనౌక కోల్ మీద దాడిలో 17 మంది నావికులు పోయారు.

నన్నడిగితే కుట్ర కథలకి అసలు ఊపిరి ఇక్కడే. కథని 2001 సెప్టెంబర్ 11 ఉదయం మొదలుపెట్టి చెబితే, చాకుల్లాంటివి పట్టుకున్న 19 మంది ప్రపంచంలోకెల్లా బలమైన దేశాన్ని అంత దెబ్బ కొట్టారంటే ఎవరికైనా తూకం కుదరదు. ఇంత ఘోరానికి కారణం కూడా ఇంతే పెద్దదై ఉండాలని మనసు అడుగుతుంది. ప్రభుత్వమే చేసిందంటే ఆ తూకం కుదురుతుంది. దర్యాప్తు కమిషన్ లెక్క ప్రకారం ఆ దాడికి వాళ్లకైన ఖర్చు 4 నుంచి 5 లక్షల డాలర్లు. మన ఎడిసన్‌లో ఒక ఇల్లు రాదు ఆ డబ్బుకి. ఈ మాట ఒప్పుకోవడం చాలా కష్టం. అంత తక్కువతో అంత నష్టం జరగొచ్చంటే రేపు మళ్లీ ఎవరైనా చేయొచ్చు కదా! ఎవరో పైనుంచి అంతా నడిపించారనుకుంటే భయం కాస్త తగ్గుతుంది, కనీసం ఎవరో ఒకరి చేతిలో పగ్గాలున్నాయనిపిస్తుంది. కథని 1993 నుంచి మొదలుపెట్టి చూసినవాళ్లకి తూకం వేరేగా ఉంటుంది: ఎనిమిదేళ్లు ప్రయత్నించినవాళ్లు, ఒకసారి విఫలమై మళ్లీ వచ్చినవాళ్లు. మ్యూజియం ఈ వరస చూపించడంలో చాలా శ్రద్ధ పెట్టింది. దీనికోసమే టికెట్ డబ్బులు ఇచ్చినా దండగ కాదు.

దక్షిణపు టవరు చోట ఇంకో గది ఉంది, నాలుగు గోడల నిండా చనిపోయినవాళ్ల ఫొటోలు. బల్లల మీద స్క్రీన్లలో ఒక్కొక్కరి గురించి చదవొచ్చు. మన దేశం పేర్లూ ఉన్నాయి, గుండె చివుక్కుమంటుంది. అక్కడ మామయ్యగారికి ఒక వాట్సాప్ మెసేజ్ గుర్తొచ్చింది. 4,000 మంది యూదులు ఆ రోజు ఆఫీసుకి రాలేదట, ముందే తెలుసట అని. ఆ పుకారు పుట్టుక తెలిసినదే. దాడి జరిగిన రోజుల్లో, ఆ ప్రాంతాల్లో తమ దేశస్థులు 4,000 మంది ఉండొచ్చని, వాళ్ల క్షేమం తెలియడం లేదని ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ పేర్లు సేకరించింది. అది పేపర్లో వచ్చింది. సెప్టెంబర్ 17న లెబనాన్‌లో హిజ్బుల్లా నడిపే అల్ మనార్ టీవీలో ఆ 4,000 కాస్తా "రానివాళ్లు" అయిపోయారు. క్షేమం తెలియక కంగారుపడిన అంకె, ముందే తప్పించుకున్నారనే అంకెగా మారింది. నిజానికి చనిపోయినవాళ్లలో నూటికి పది నుంచి పదిహేను మంది యూదులే. ఆ గోడల మీదే ఉన్నారు. ఇంత నీచమైన అబద్ధం నాకింకోటి కనబడదు. బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రులని "మీవాడికి ముందే తెలుసు" అనడం కాదూ ఇది? మామయ్యగారు ఏమీ మాట్లాడకుండా ఆ బల్ల దగ్గర కూర్చుని పేర్లు ఒక్కొక్కటే నొక్కి చదివారు.

కానీ ఆయన అసలు ప్రశ్న ఏడో బిల్డింగు. దానికోసం మ్యూజియం లోపల వెతక్కండి. కుట్ర కథలకి జవాబులివ్వడం ఆ మ్యూజియం పెట్టుకున్న పని కాదు, పోయినవాళ్లని తలుచుకోవడం దాని పని. ఇంజనీరింగ్ సందేహాలున్న మనిషిని తీసుకెళితే ఆ భాగం మీరే సిద్ధం చేసుకుని వెళ్లాలి. బయటికొచ్చి వీసీ స్ట్రీట్ దాటితే కొత్త సెవెన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కనిపిస్తుంది. పాతది 47 అంతస్తులు, ఈ కొత్తది 2006లో తెరిచారు. మేం అక్కడికి నడిచి వెళ్లాం. అద్దాల గోడ కింద నిలబడి ఫోన్లో నిస్ట్ నివేదిక బొమ్మలు తీశాను. నిస్ట్ అంటే అమెరికా ప్రభుత్వపు ప్రమాణాల సంస్థ, ఈ మూడు బిల్డింగుల కూలుడు మీదా దర్యాప్తు చేసింది వాళ్లే.

ఉత్తరపు టవరు 10:28కి కూలినప్పుడు ఎగిరొచ్చిన శిథిలాలతో ఏడో బిల్డింగులో మంటలు మొదలయ్యాయి. ఆ తర్వాతి మాట చెప్పేటప్పుడు నా గొంతు నాకే మారినట్టు అనిపించింది, ఎందుకంటే అది నా పని. కింది అంతస్తుల స్ప్రింక్లర్లకి నీళ్లు వచ్చేది ఊరి మెయిన్ పైపు నుంచి. అవసరానికి పెట్టుకున్న రెండో దారి కూడా ఊరి నీళ్ల మీదే ఆధారపడింది. టవర్లు కూలినప్పుడు ఆ మెయిన్లు పగిలాయి. 7, 8, 9, 11, 12, 13 అంతస్తుల్లో మంటలు ఆర్పే దిక్కు లేక ఏడు గంటలు కాలాయి. వేడికి అంతస్తుల దూలాలు సాగి, ఒక పెద్ద గర్డరుని, అంటే ఆ దూలాల్ని మోసే పెద్ద దూలాన్ని, దాని సీటు మీద నుంచి తోసేశాయి. ఒక అంతస్తు కింది అంతస్తు మీద పడుతూ వెళ్లి, 79వ నంబరు స్తంభానికి పక్క ఆసరా పోయి అది వంగిపోయింది. సాయంత్రం 5:20కి బిల్డింగు మొత్తం పడింది. ముందే ఖాళీ చేయించారు కాబట్టి అందులో ఎవరూ చనిపోలేదు.

మామయ్యగారి వీడియోలో చూపించే తునక కొద్ది సెకన్లే. నిటారుగా, శుభ్రంగా, బాంబులు పెట్టి కూల్చినట్టే పడుతుంది. ఆ తునకకి ముందు ఏముందో పూర్తి వీడియో తీసి చూపించాను. పైకప్పు మీద తూర్పు కొసన ఉన్న పెంట్‌హౌస్ గది ముందు లోపలికి దిగిపోతుంది. బయటి గోడలు కదిలేది ఆ తర్వాత కొన్ని సెకన్లకి. అంటే లోపలంతా కూలడం అప్పటికే మొదలైంది, బయటి డొల్ల ఆఖర్న పడింది. మామయ్యగారు ఫోన్ నా చేతిలోంచి తీసుకుని వెనక్కి జరిపి మళ్లీ చూశారు. "ఈ ముక్క కోసేశారా?" అన్నారు. కోపంగానే అన్నారు. కోతపెట్టిన కొలతలు కనిపెట్టినప్పటి కోపం అది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాను, చెప్పడమే మంచిదైంది. ఆ బయటి గోడ పడేటప్పుడు కొంతసేపు ఏ అడ్డూ లేకుండా పైనుంచి రాయి వదిలినంత వేగంతో పడిందని అనుమానించేవాళ్లు వాదించారు. 2008 ఆగస్టులో వచ్చిన ముసాయిదాలో నిస్ట్ దాన్ని ఒప్పుకోలేదు. ఒక ఫిజిక్స్ టీచరు వీడియో కొలిచి అడిగారు. నవంబర్‌లో వచ్చిన తుది నివేదికలో 2.25 సెకన్ల పాటు, దాదాపు ఎనిమిది అంతస్తుల ఎత్తు అలాగే పడిందని రాశారు. లోపల ఆసరా అంతా అప్పటికే పోయి, బయటి స్తంభాలు ఎనిమిది అంతస్తుల మేర వంగిపోయాయి కాబట్టి అంతసేపు ఆపేది ఏమీ లేదని వివరణ ఇచ్చారు. "వాళ్లే ఒప్పుకున్నారా? రాశారా?" అని రెండుసార్లు అడిగారు మామయ్యగారు. ఆ పేజీ చూపించమన్నారు. నేను అప్పటిదాకా చెప్పిన వాదనలన్నిటికంటే ఆ ఒక్క ఒప్పుకోలు ఆయన మీద ఎక్కువ పనిచేసింది. తప్పు కొలత దిద్దిన సంతకం ఉన్న ఎం బుక్ అంటేనే ఆయనకి గురి. అనుమానించేవాళ్ల దగ్గర ఉన్న నిజం ముక్కని ముందే వాళ్ల చేతిలో పెట్టకపోతే, దాన్ని వీడియోవాళ్లే ముందు అందిస్తారు.

బీబీసీ సంగతి సులువు. ఆ బిల్డింగు పడేలా ఉందని ఫైర్ డిపార్ట్‌మెంటు మధ్యాహ్నమే మనుషుల్ని వెనక్కి రప్పించి, చుట్టూ జాగా ఖాళీ చేయించింది. పడబోతోందనే వార్త చేతులు మారుతూ పడిపోయిందని అయింది. ఆ గందరగోళపు రోజున అదొక్కటే తప్పు వార్త కాదు. కుట్ర చేసినవాళ్లు ముందుగా విదేశీ టీవీకి కాగితం రాసి ఇస్తారా అని అత్తయ్యగారే అన్నారు.

నన్ను అన్నిటికంటే గట్టిగా నిలబెట్టేది మాత్రం మా ఆఫీసు బల్ల మీద ఉండే కోడ్ పుస్తకం, అంటే బిల్డింగులు ఎలా కట్టాలో చెప్పే రూల్సు పుస్తకం. ఆ దర్యాప్తుల తర్వాత 2009 ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో చాలా మార్పులు వచ్చాయి. 420 అడుగులు దాటిన బిల్డింగుకి ఇంకో మెట్లదారి ఉండాలి. ఎత్తైన బిల్డింగుల ఉక్కు మీద చల్లే పూత మునుపటికంటే గట్టిగా పట్టుకోవాలి. కరెంటు పోయినా మెట్ల అంచులు చీకట్లో మెరవాలి. ఈ రూల్సు ప్రకారం కట్టడానికి బోలెడు డబ్బవుతుంది, బిల్డర్లు ఊరికే పెట్టరు. బాంబులతో కూల్చిన బిల్డింగు కోసం పూత గట్టిదనం ఎవరు మారుస్తారు? ఇది చెబితే మామయ్యగారు తలాడించారు. డబ్బు ఎక్కడ ఖర్చయిందో అక్కడ నిజం ఉంటుందని ఆయన లెక్క.

అన్ని అనుమానాలూ తీరలేదు, తీరాలని కూడా నేను అనుకోను. "ఇరాక్‌లో ఆయుధాలున్నాయని చెప్పి యుద్ధానికి పోలేదా వీళ్లు?" అన్నారు తిరుగు రైల్లో. పోయారు, ఆ ఆయుధాలు దొరకలేదు. 2001 ఆగస్టు 6న అధ్యక్షుడికి ఇచ్చిన రహస్య నోట్‌లో అల్ ఖైదా నాయకుడు బిన్ లాడెన్ అమెరికాలో దాడికి పట్టుదలగా ఉన్నాడని ఉంది. హైజాకర్లలో ఇద్దరు దేశంలోకి వచ్చారని సీఐఏకి తెలిసీ ఎఫ్‌బీఐకి సమయానికి చెప్పలేదు. సౌదీ సంబంధాల గురించి కాంగ్రెస్ రాసిన 28 పేజీలు 2016 దాకా మూసిపెట్టారు. ఇవన్నీ కాగితం మీద ఉన్న నిజాలు, వీటిమీద ఎంత కోపం వచ్చినా న్యాయమే. నాకున్న బాధేమిటంటే, ఈ కోపమంతా తీసుకెళ్లి లేని బాంబుల మీద పెడితే, అసలు జవాబు చెప్పాల్సినవాళ్లు హాయిగా తప్పించుకుంటారు. బాంబుల మాట మామయ్యగారు ఇప్పుడు ఎత్తడం లేదు. "తెలిసి ఊరుకున్నారేమో" అనేది మాత్రం వదల్లేదు. 2004లో వచ్చిన కమిషన్ నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అది ఆయన ట్యాబ్‌లో ఎక్కించి ఇచ్చాను. చదువుతున్నారు, పక్కన పెన్సిల్‌తో నోట్సు కూడా రాసుకుంటున్నారు.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. టికెట్లు ముందే ఆన్‌లైన్లో తీసుకోండి. సోమవారం సాయంత్రం ఉచిత టికెట్లు కొన్ని ఇస్తుంటారు, వాటికీ ముందే బుక్ చేసుకోవాలి. ఏ రోజు మూస్తారో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. ఎయిర్‌పోర్టులోలాగే చెకింగ్ ఉంటుంది, పెద్ద బ్యాగులు వద్దు. లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇబ్బంది లేదు, కాకపోతే నడక బాగా ఉంటుంది. కనీసం మూడు గంటలు పెట్టుకోండి, ఇంజనీరు ఉంటే ఇంకో గంట. ఫౌండేషన్ హాల్లో ఆయన్ని తొందరపెట్టకండి. ఏడో బిల్డింగు పూర్తి వీడియో, నిస్ట్ వాళ్ల ప్రశ్నలు-జవాబుల పేజీ ముందే ఫోన్లో దించుకుని ఉంచుకోండి. ఆయన అడిగేదాకా మాత్రం తీయకండి.